మానసిక జబ్బు మందులు, థైరాయిడ్: అపోహలు - వాస్తవాలు

"డాక్టరుగారూ, ఈ బిళ్ళల వల్లే మా అమ్మాయికి థైరాయిడ్ వచ్చిందండీ. అందుకే మాన్పించేశాను." సైకియాట్రీ ఓపీలో ఈ మాట వినగానే నేను రిపోర్టు చూడను. మాత్ర మానేసి ఎన్ని రోజులైందో, రాత్రిళ్ళు నిద్ర పడుతోందో లేదో అడుగుతాను. చాలాసార్లు అప్పటికే నిద్ర కరువై, చెవుల్లో మాటలు మళ్ళీ మొదలై ఉంటాయి. రిపోర్టులో ఒక్క అంకె చూసి అంత నష్టం జరగకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం) మందులన్నీ థైరాయిడ్‌ను పాడుచేస్తాయి.

వాస్తవం: అన్నీ ఒకేలా పనిచేయవు. వీటిలో ఎక్కువగా గమనించాల్సింది క్వెటియాపిన్‌ను. మోతాదు పెరిగేకొద్దీ రక్తంలో టీ4 (థైరాయిడ్ గ్రంథి విడుదల చేసే హార్మోన్) తగ్గుతుంది. ఎక్కువ మోతాదులో ఈ తగ్గుదల 20 శాతం దాకా ఉండొచ్చు. తగ్గాల్సింది దాదాపుగా మొదటి 6 వారాల్లోనే తగ్గి, తర్వాత అక్కడే నిలబడుతుంది. మందు ఆపితే మామూలవుతుంది. అంటే గ్రంథి దెబ్బతిన్నట్టు కాదు. ఈ మందునూ, థైరాయిడ్ హార్మోన్‌నూ కాలేయంలో ఒకే ఎంజైము విడగొట్టడం దీనికి కారణం కావచ్చని ఒక వివరణ. క్వెటియాపిన్ ఒక్కటే ఇచ్చి చేసిన పరీక్షల్లో 3,489 మందిలో 26 మందికి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) పెరిగింది, అంటే వెయ్యికి ఏడుగురు. ఆ 26 మందిలో థైరాయిడ్ మాత్ర అవసరమైంది ఆరుగురికే.

మిగతా మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి టీఎస్‌హెచ్ ఎక్కువగా రాకుండా మెదడులోని డోపమైన్ అనే రసాయనం కళ్ళెం వేస్తుంది. ఈ మందులు డోపమైన్‌ను అడ్డుకుంటాయి కాబట్టి కొందరిలో టీఎస్‌హెచ్ కాస్త పెరగొచ్చు.

అపోహ: టీఎస్‌హెచ్ నార్మల్ వస్తే ఇక చూడనక్కర్లేదు.

వాస్తవం: క్వెటియాపిన్ వాడేవారికి ఇది సరిపోదు. టీ4 తగ్గినా టీఎస్‌హెచ్ కదలకపోవచ్చు. అందుకే ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) పరీక్ష కూడా చేయించమంటాం. టీ4 కొంచెం తగ్గి, టీఎస్‌హెచ్ బాగుండి, మనిషిలో ఏ ఇబ్బందీ లేకపోతే సాధారణంగా మందు మార్చం. కొన్నాళ్ళకు మళ్ళీ పరీక్ష చేస్తాం.

అపోహ: బరువు పెరిగారంటే థైరాయిడే.

వాస్తవం: ఓలాంజాపిన్ వంటివి ఆకలిని పెంచుతాయి. థైరాయిడ్ బాగున్నా బరువు పెరుగుతారు. షుగరు, కొలెస్ట్రాల్ కూడా చూడాలి.

ఇంకో పొరపాటు తరచూ చూస్తుంటాను. బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవారు సైకోసిస్ మందుతో పాటు మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం కూడా వాడుతుంటారు. థైరాయిడ్ తగ్గితే నింద సైకోసిస్ మందు మీద వేస్తారు, నేను మాత్రం ముందు లిథియం వైపే చూస్తాను. అది గ్రంథి నుంచి హార్మోన్ బయటికి రాకుండా ఆపుతుంది. ఆడవాళ్ళకు ఈ ముప్పు ఎక్కువ. అందుకే మొదలుపెట్టేముందు ఒకసారి, తర్వాత 6 నెలలకోసారి పరీక్ష తప్పనిసరి. థైరాయిడ్ తగ్గినా, లిథియం బాగా పనిచేస్తుంటే దాన్ని కొనసాగిస్తూనే లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) చేర్చవచ్చు.

నెలసరి ఆగినా, పాలు వస్తున్నా రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్‌లను అనుమానించడం సబబే, అవి ప్రొలాక్టిన్‌ను (పాలు వచ్చేలా చేసే హార్మోన్) పెంచుతాయి. అయితే థైరాయిడ్ తగ్గినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. గర్భం లేదని తేల్చుకుని ప్రొలాక్టిన్, థైరాయిడ్ రెండూ చూడాలి.

అపోహ: అసలు జబ్బు థైరాయిడే, ఆ మాత్ర వేస్తే మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: కొద్దిమందిలో ఇది నిజం. థైరాయిడ్ బాగా తగ్గి మతి చెదిరిన 14 మంది గురించి బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1949లోనే రాశారు. అందుకే మొదట్లోనే పరీక్ష చేస్తాం. కానీ చాలామందిలో రెండూ వేర్వేరు జబ్బులు, రెండింటికీ మందు కావాలి.

థైరాయిడ్ మాత్ర రాస్తే పరగడుపున నీళ్ళతో వేసుకుని, కాఫీ టిఫిన్లకు కనీసం అరగంట ఆగండి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. 6 నుంచి 8 వారాలకు మళ్ళీ పరీక్ష. రాత్రి వేసే క్వెటియాపిన్‌ను మీ అంతట మీరు ఆపకండి. ఏ మందూ మొదలుపెట్టకముందు చేయించిన పాత రిపోర్టు ఉంటే పారేయకుండా తెచ్చి చూపించండి, తేడా దాన్నిబట్టే తెలుస్తుంది.