జవాబు తెలిస్తే సమస్య ఎందుకుంది?

పిల్లలూ,

మీ పెద్దక్క యూనివర్సిటీలో తీసుకున్న కోర్సు నేటి ప్రపంచ సమస్యల గురించి అని తెలిసినప్పటి నుంచి మీలో చిన్నదానికి తోచడం లేదట. "అక్క పరీక్షలో జవాబు రాయాలి కదా తాతయ్యా! జవాబు తెలిస్తే ఆ సమస్య ఇంకా ఎందుకుంది? తెలియకపోతే మార్కులెలా వేస్తారు?" అని ఫోన్లో నన్ను నిలదీసింది. పక్కనుంచి మీ నాన్న నవ్వాడు. నవ్వి తీసిపారేసే ప్రశ్న కాదది. 1973లో హార్స్ట్ రిట్టెల్, మెల్విన్ వెబర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఇంచుమించు ఈ సంగతే తవ్వి, సమాజంలోని పెద్ద సమస్యలకు లెక్క చేసి తేల్చే జవాబులు ఉండవన్నారు. తప్పు, ఒప్పు అని ఉండవు. కాస్త మెరుగు, కాస్త అధ్వానం అనే ఉంటాయి. పైగా ఒకసారి చేసి చూశాక దాన్ని చెరిపేసి మళ్లీ మొదటికి రాలేం.

సిద్ధాంతాలు అక్క చెబుతుందిలెండి. నాకు తెలిసింది జుట్టు చిక్కు తీయడం.

మా అక్కకి నడుము దాటే జుట్టు. తల దువ్వేటప్పుడు అద్దం పట్టుకుని నిలబడే డ్యూటీ నాది. అమ్మ తీరిగ్గా ఉన్న రోజున చిక్కుకి పైనున్న జుట్టుని పిడికిట్లో బిగించి, కింద కొసల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వచ్చేది. ఆ పిడికిలి ఎందుకంటే, దువ్వెన లాగిన లాగుడు మాడుకి తగలకుండా. బడికి టైమైపోతున్న రోజున మాత్రం నడినెత్తి నుంచి ఒక్కటే లాగు. అప్పుడు పైనున్న చిన్న చిన్న చిక్కులన్నీ కిందకి జారి ఒక్కచోట ఉండగట్టేవి. ఓ రోజు అక్క విసిగిపోయి ఆ ఉండని కత్తెరతో కత్తిరించేసింది. ఆ కుచ్చు చాలాకాలం జడలో ఇమడక, చెవి పక్కన నిక్కబొడుచుకుని ఉండేది. నవ్వినందుకు నా వీపు విమానం మోత మోగింది, అది వేరే కథ.

ప్రపంచం కూడా చాలాసార్లు నడినెత్తి నుంచే దువ్వింది. మీ ఇంట్లో ఫ్రిజ్ సంగతే తీసుకోండి. 1920లలో ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటి వాయువులు వాడేవారు. లీకైతే ఇంట్లో వాళ్ల ప్రాణాలకే ముప్పు. దీనికి విరుగుడుగా అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం సీఎఫ్‌సీ (క్లోరోఫ్లోరోకార్బన్) వాయువుల్ని తెచ్చింది. 1930లో ఆయన రసాయన శాస్త్రవేత్తల సభలో ఆ వాయువుని గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదకి ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది, ఆయన నిక్షేపంగా ఉన్నాడు. విషం కాదు, మండదు. ఇంకేం కావాలి?

అలా ఒక చిక్కు పోయింది. అది జారి ఎక్కడికి చేరిందో నలభై ఏళ్లకు పైగా ఎవరికీ తెలియలేదు. 1974లో మారియో మొలీనా, షెర్‌వుడ్ రోలాండ్ చెప్పారు: ఈ వాయువు కింద దేనితోనూ కలవదు కాబట్టి చెక్కుచెదరకుండా పైపైకి పోతుంది, అక్కడ ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలి విడిపోయి క్లోరిన్‌ని వదులుతుంది, ఆ క్లోరిన్ పైన పొరలా ఉండి ఆ కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోన్‌ని తినేస్తుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువుల్ని పాడుచేసి, మళ్లీ ఇంకోదాని మీద పడుతుందట! ఎలా అని నన్నడగకండి, నాకు ఇప్పటికీ మాయలాగే ఉంటుంది. ఏ మంచి గుణం చూసి దాన్ని ఇళ్లలోకి తెచ్చుకున్నామో, ఆ గుణమే దాన్ని అంత ఎత్తుకి మోసుకెళ్లింది. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికా మీద ఏటా అక్కడి వసంతంలో ఓజోన్ దారుణంగా తరిగిపోతోందని బయటపెట్టారు.

మీ అక్క క్లాసు మొదలయ్యేది ఇక్కడే. రసాయన శాస్త్రం తన పని తాను చేసేసింది. కానీ కంపెనీలు ఒప్పుకోవాలి కదా. ఒక దేశం మానేసి ఇంకో దేశం మానకపోతే లాభం లేదు. అప్పుడప్పుడే ఫ్రిజ్ ముఖం చూస్తున్న పేద దేశాలు "చెడగొట్టింది మీరు, మానాల్సింది మేమా?" అంటాయి. అందుకే అలాంటి క్లాసులో సైన్సు వాళ్లు, ఎకనామిక్స్ వాళ్లు, లా వాళ్లు, చరిత్ర వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కోసారి ఒక్కొక్కరికి ఒక దేశాన్ని అంటగట్టి ఉత్తుత్తి చర్చలు పెట్టిస్తారు. తనకి నచ్చని దేశం తరఫున వాదించాల్సి వచ్చిన కుర్రాడి టెన్షన్ చూడాలి! నన్నడిగితే పాఠాలన్నిటికంటే అదే ఎక్కువ నేర్పుతుంది. మార్కులంటావా చిట్టితల్లీ, అవి తుది జవాబుకి కాదు. ఎవరికి మేలు, ఎవరికి నొప్పి, ఖర్చు ఎవరిది, ఆధారం ఏది అని ఎంత దూరం ఆలోచించారో దానికి.

1987లో కెనడాలోని మాంట్రియల్‌లో ఈ వాయువుల్ని తగ్గించడానికి కుదిరిన ఒప్పందం గురించి చదివినప్పుడల్లా నాకు అమ్మ పిడికిలి గుర్తొస్తుంది. పేద దేశాలకు పదేళ్ల అదనపు గడువు ఇచ్చారు. 1990లో వాటి ఖర్చు కోసం ఒక నిధి పెట్టాలనుకున్నారు. అంటే లాగుడు మాడుకి తగలకుండా ముందే పట్టుకున్నారన్నమాట. సీఎఫ్‌సీలను ఒక్కసారిగా మాన్పించలేదు. మొదట సగానికి తగ్గించమన్నారు, తర్వాతి సమావేశాల్లో బిగించుకుంటూ పోయారు. చివరికి ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి. అయినా అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి రావడానికి సుమారు 2066 దాకా పడుతుందని అంచనా. అప్పటికి మీరు నాలాగే ఉత్తరాలు రాస్తుంటారు.

ఈలోగా చిక్కు మళ్లీ జారింది. సీఎఫ్‌సీల బదులు తెచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు (హైడ్రోఫ్లోరోకార్బన్లు) ఓజోన్ జోలికి పోవు గానీ, భూమిని వేడెక్కిస్తాయి. వాటిలో కొన్ని ఆ పనిలో కార్బన్ డయాక్సైడ్‌ని వెయ్యి రెట్లకు పైగా మించినవి. 2016లో రువాండా రాజధాని కిగాలీలో మళ్లీ కూర్చుని వాటినీ తగ్గించుకుందామని ఒప్పుకున్నారు.

అసలు వేడెక్కడం సంగతి ఇంకా మొండిది. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద కొలతలు మొదలైనప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్ల దాకా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. సముద్రం పెరిగితే ముందు మునిగేది తువాలు, మాల్దీవుల లాంటి చిన్న దేశాలు. గాలిలో పొగ నింపింది మాత్రం అవి కాదు. జుట్టు ఒకరిది, దువ్వెన ఇంకొకరి చేతిలో. నొప్పి ఎవరికో అడక్కుండా దువ్వెన పట్టుకోకూడదు.

ఉత్తరం పొడుగైపోయింది. ఈ ఆదివారం మీరొక పని చేయండి. ఫ్రిజ్ లోపలి గోడకో వెనకవైపో ఒక చిన్న పట్టీ అతికించి ఉంటుంది. వెనక చూడాలంటే పెద్దవాళ్లని పిలిచి ప్లగ్గు తీయించండి. ఆ పట్టీ మీద 'ఆర్' అక్షరం, దాని పక్కన అంకె వెతకండి. ఆర్-134ఏ అని ఉంటే అది కిగాలీలో తగ్గించమన్న రకం. ఆర్-600ఏ అని ఉంటే ఐసోబ్యూటేన్. ఓజోన్‌కి హాని లేదు, భూమిని వేడి చేయడమూ బహు తక్కువ. కాకపోతే మండుతుంది, అందుకే కొన్ని పదుల గ్రాములే నింపుతారు. మీ ఇంట్లో ఏదుందో చూసి నాకు ఫోన్ చేయండి. ఆర్-600ఏ అని కనబడితే మాత్రం, మండే వాయువుని మళ్లీ ఇంట్లోకి ఎందుకు తెచ్చుకున్నామో అక్కని అడగమను మన చిన్నదాన్ని.

మీ తాతయ్య