గీతలు పడిన బండి, వంగిన బండి

నల్లగొండ

పెద్దోడికి, చిన్నోడికి తాత దీవెనలు.

మొన్న ఫోన్‌లో ఇద్దరూ కలిసి నన్ను నిలదీశారు. "బైక్ రేసుల్లో వాళ్ళు 300 మీద పోతారు, కింద పడ్డా లేచి దులుపుకుని నడుచుకుంటూ వెళ్తారు. మేం చిట్యాల రోడ్డు మీద 100 పోతే నీకెందుకు తాతా అంత టెన్షన్?" అని. ప్రశ్న మంచిదే. మీ నాయనమ్మ పక్క నుంచి అరవడం మొదలుపెట్టింది కాబట్టి జవాబు సగంలో ఆగింది. మిగతాది కాగితం మీద పెడుతున్నాను.

దేవరకొండ రోడ్డులో నా షెడ్డు నడిచినన్నాళ్ళూ యాక్సిడెంటు బళ్ళు వస్తూనే ఉండేవి. బండిని చూస్తే అది ఎలా పడిందో చెప్పొచ్చు. జారి పడిన బండికి ఒక పక్కంతా గీతలుంటాయి. హ్యాండిల్ కొస అరిగిపోతుంది, క్లచ్ లివర్ విరుగుతుంది, ఫుట్‌రెస్ట్ వెనక్కి వంగుతుంది. పొద్దున తెస్తే సాయంత్రానికి చేసి ఇచ్చేవాణ్ణి. దేన్నో గుద్దిన బండి వేరు. ఫోర్కులు మడతపడి ముందు చక్రం ఇంజన్‌కు ఆనుకుని ఉంటుంది, ఛాసిస్ మెడ దగ్గర పగులు కనిపిస్తుంది. దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకొస్తారు. తెచ్చేది నడిపినవాడు కాదు, వాడి అన్నో మామో.

రేస్ ట్రాక్ కట్టేవాళ్ళ ఆలోచనంతా ఈ రెండో రకం బండి గురించే. పడటం ఎలాగూ తప్పదు, పడ్డవాడు దేనికీ గుద్దుకోకూడదు అన్నదే వాళ్ళ లెక్క.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు మన దగ్గరి కుర్రాడొకడి బండి వెంట మెకానిక్‌గా వెళ్ళాను. చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. బండి లోపలికి పోవాలంటే ముందు తనిఖీ. అద్దాలు, స్టాండు విప్పేయాలి, లైట్లకు టేపు వేయాలి. రేడియేటర్‌లో కూలెంట్ తీసేసి మంచినీళ్ళు పోయాలి, ఎందుకంటే కూలెంట్ రోడ్డు మీద ఒలికితే వెనకొచ్చేవాడు జారిపోతాడు. ఇంజన్ ఆయిల్ బోల్టుకు కూడా ఊడిపోకుండా తీగ కట్టిస్తారు. మలుపు బయట ఖాళీ నేల, దాని వెనక కంకర మడి, ఆ తర్వాతే టైర్ల గోడ. జారినవాడి వేగమంతా ఆ కంకరే తినేస్తుంది. ప్రతి మలుపు దగ్గరా జెండాలు పట్టుకుని మనుషులుంటారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉందని, ఓవర్‌టేక్ చేయొద్దని అర్థం. ఎర్ర జెండా చూపిస్తే అందరూ ఆగిపోవాలి. అంబులెన్స్ స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద విషయం, అందరూ ఒకే వైపు పోతారు. ఎదురొచ్చేవాడు ఉండడు.

వేసుకునే బట్టలు కూడా చూడండి. మోటోజీపీ అనే ప్రపంచ స్థాయి బైక్ రేసుల్లో 2018 నుంచి సూటు లోపల ఎయిర్‌బ్యాగ్ ఉండి తీరాలి. మన పెద్దోడు వేసుకునేది బనియనూ, స్లిప్పర్లూ.

అలాగని ట్రాక్ మీద చావు లేదని చెప్పను. 2011లో మలేసియాలో సిమోన్‌చెల్లి అనే ఇటలీ రేసర్ పడిపోయి, బయటికి జారిపోకుండా వెనకొచ్చే బళ్ళ దారిలోకే వచ్చాడు. ప్రాణం పోయింది. 2023 ఆగస్టులో ఆ చెన్నై ట్రాక్ మీదే 13 ఏళ్ళ పిల్లవాడు రేసులో పడి, వెనకొచ్చిన బండి తగిలి చనిపోయాడు. అన్ని ఏర్పాట్లూ ఉన్నాయి. వెనకవాడి బండిని మాత్రం ఎవరూ తీసి పక్కన పెట్టలేరు కదా. ట్రాక్ మీద అన్నిటికంటే పెద్ద ప్రమాదం పక్క రేసరే.

ఇక మన రోడ్డు. ఐల్ ఆఫ్ మ్యాన్ అని బ్రిటన్ పక్కన చిన్న ద్వీపం ఉంది. 1907 నుంచి అక్కడ మామూలు రోడ్ల మీదే బైక్ రేసులు పెడుతున్నారు. ఇప్పుడు వాడే దారి 60 కిలోమీటర్లు దాటుతుంది. రేసు రోజు రోడ్డు మూసేస్తారు, ఎదురు ట్రాఫిక్ ఉండదు, జెండాలూ డాక్టర్లూ ఉంటారు, నడిపేవాళ్ళు ఆరితేరినవాళ్ళు. అయినా ఆ దారిలో ఇప్పటిదాకా 250 మందికి పైగా పోయారు. రోడ్డు పక్కన రాతి గోడలు, దీపస్తంభాలు, ఇళ్ళు అలాగే ఉంటాయి కాబట్టి. మేం అక్కడ నడపం అని పెద్ద రేసర్లే మొండికేస్తే, 1976 తర్వాత ఆ రేసును ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి తీసేశారు. చేతిలో ఎంత పనితనం ఉన్నా గోడ పక్కకు జరగదని వాళ్ళకు మనకంటే బాగా తెలుసు.

మరి మన దగ్గర రోడ్డు మూసేది కూడా లేదు. వరికోతల కాలంలో మిర్యాలగూడ వైపు పోయి చూడండి. సగం రోడ్డు మీద వడ్లు, పరదాలు ఎగిరిపోకుండా అంచు వెంట బండరాళ్ళు, మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్ల లైను. ట్రాలీకి వెనక లైటు ఉండదు. నాట్ల కాలంలో ఇనుప చక్రాల ట్రాక్టరు పొలం నుంచి బురద పెళ్ళలు మోసుకొచ్చి తారు మీద వదిలిపోతుంది. పాలమూరు వైపు జడ్చర్ల, కొత్తకోట హైవే బాగుందని అందరూ అంటారు, బాగానే ఉంది. ఆ హైవే మీదే సాయంత్రం పూట గొర్ల మంద అడ్డమొస్తుంది, డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో ఆటో వస్తుంది, దాబా ముందు లారీ సగం రోడ్డు మీద నిలబడి ఉంటుంది. వాళ్ళలో ఎవరికీ మీరు రేసులో ఉన్నారని తెలియదు. రైతు తప్పే, ఆటోవాడి తప్పే అని మీరంటారు. అవును, తప్పే. కోర్టులో గెలుస్తారు, మీరు బతికుంటే.

శ్రీశైలం పోయే నల్లమల దారి గురించి పెద్దోడు వీడియో పంపాడు. మన్ననూర్ దాటాక మలుపులు అందంగానే ఉన్నాయి. ట్రాక్ మీద రేసర్ మొదటి చుట్టు మెల్లగా తిరిగి చూసుకుంటాడు, తర్వాత అదే మలుపును వందసార్లు తిరుగుతాడు. అడవి దారిలో నీకు ప్రతి మలుపూ కొత్తదే. అవతల కోతులకు అరటిపండ్లు వేస్తూ కారు ఆగి ఉందో లేదో నీకేం తెలుసు?

చిన్నోడికి లెక్కలంటే ఇష్టం కాబట్టి ఒకటి రాస్తాను. 60లో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, 100లో పోయేది 28. అడ్డం వచ్చినదాన్ని చూసి చెయ్యి బ్రేకు మీద పడటానికి ఒక సెకను అనుకో. ఆ తర్వాత మంచి టైర్లు, పొడి తారు ఉంటే 60లో ఉన్నవాడు ఇంకో 20 మీటర్లలో ఆగుతాడు. మొత్తం 37. 100లో ఉన్నవాడు ఆగాలంటే 83 కావాలి. బర్రె 37 మీటర్ల దూరంలో అడ్డం వచ్చిందనుకో. 60 వాడు దాని ముందు ఆగిపోతాడు. 100 వాడు దాన్ని గుద్దేటప్పటికి ఇంకా 90 పైనే ఉంటాడు, బ్రేకు గట్టిగా పట్టినా సరే. నువ్వే లెక్క వేసి చూడు, తప్పుంటే ఫోన్ చేయి. చాలామంది పిల్లలు 40 పెరిగింది కదా, ఇంకో 15 మీటర్లు పోతుందేమో అనుకుంటారు. వేగం పెరిగితే, బ్రేకు పట్టాక ఆగే దూరం వేగం వర్గంతో పెరుగుతుంది. రాత్రి డిమ్ లైటులో 83 మీటర్ల అవతల ఏముందో కనపడనే కనపడదు.

టైర్ల సంగతి ఒకటి మధ్యలో చెప్పాలి, ఎందుకంటే పెద్దోడు నాతో వాదించాడు. రేస్ టైర్లు నున్నగా ఉంటాయి కదా, నా టైరు కూడా అలాగే ఉంది అని! రేస్ టైరు మెత్తటి రబ్బరు, దుప్పటి లాంటి హీటర్లు చుట్టి ముందే వేడి చేస్తారు, వాన పడితే తీసేసి గాడులున్న టైర్లు వేస్తారు. నీది అరిగి గట్టిపడిన టైరు. రెండూ నున్నగా కనపడతాయి, అంతే.

నికీ హేడెన్ అని అమెరికా రేసర్, 2006లో మోటోజీపీ ప్రపంచ ఛాంపియన్. ఏళ్ళ తరబడి 300 మీద తిరిగినవాడు. అతను పోయింది ట్రాక్ మీద కాదు, మామూలు రోడ్డు మీద. 2017లో ఇటలీలో ఒక కూడలి దగ్గర సైకిల్ తొక్కుతుండగా కారు గుద్ది, ఆస్పత్రిలో చనిపోయాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్ళే.

చిన్నోడికి ఇంకా 18 నిండలేదు. వాడు పట్టుబడితే మీ నాన్నకు 25,000 జరిమానా, జైలు కూడా పడొచ్చు, వాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. చట్టం గురించి ఇంతకంటే రాయను, మీ నాన్న రోజూ చెప్తూనే ఉంటాడు.

నిజంగా వేగం కావాలంటే పెద్దోడా, డిగ్రీ పరీక్షలయ్యాక చెన్నై వెళ్దాం. అక్కడ రైడింగ్ నేర్పేవాళ్ళున్నారు. ఫీజు నేను కడతా, బండి నేను సెట్ చేస్తా, మలుపు దగ్గర నిలబడి చూస్తా. మీ నాయనమ్మకు మాత్రం నువ్వే చెప్పుకో. దసరాకు వచ్చేటప్పుడు నువ్వు విప్పి పెట్టిన రెండు అద్దాలూ బ్యాగులో వేసుకురా, బిగించి పంపిస్తాను. వెనక టైరు ఇక్కడే మారుద్దాం. చిన్నోడు బస్సులో రావాలి.

మీ తాత