పోటు తప్పే ఇంజను

భీమునిపట్నం,
ఆషాఢ బహుళ పంచమి

చిరంజీవులు లల్లీకీ, చందూకీ తాతయ్య ఆశీస్సులు.

లల్లీ ఉత్తరం అందింది. సింహాచలం గిరిప్రదక్షిణకి ముందు మీ నాన్న పికప్పు నిండా కొబ్బరికాయలు వేసుకెళ్తే, కొండ కింద తొలిపావంచా దాకా బుద్ధిగా వచ్చిన బండి కొండరోడ్డు ఎక్కగానే దగ్గిందనీ, మర్నాడు మెకానిక్ బాబాయికి చూపిస్తే "ఏటీ లేదు, శుభ్రంగా ఉంది" అన్నాడనీ, నాలుగు ప్లగ్గులూ మార్పించినా మళ్ళీ దగ్గిందనీ రాశావు. ఆఖర్న నువ్వడిగింది నాకు బాగా నచ్చింది: "తాతా, జబ్బుంటే ఎప్పుడూ ఉండాలి కదా, అప్పుడప్పుడే ఎందుకొస్తాది?"

మీరు రోట్లో అరిసెల పిండి కొట్టడం చూసుండరు. ఇప్పుడంతా మిల్లుకి ఇచ్చేస్తున్నారు. మా చిన్నతనంలో సంక్రాంతి వస్తే నానబెట్టి వడేసిన బియ్యం రోట్లో పోసి, ముగ్గురో నలుగురో ఆడవాళ్ళు చుట్టూ నిలబడి రోకలిపోట్లు వేసేవారు. ఒకరి రోకలి దిగుతుంటే ఇంకొకరిది లేస్తుంటుంది. వీధి చివర ఆడుకునే పిల్లలకి కూడా ఆ చప్పుడుని బట్టి ఎంతమంది దంచుతున్నారో తెలిసిపోయేది. ఎవరైనా మాటల్లో పడి ఒక పోటు తప్పారనుకోండి, చప్పుడులో చిన్న గొయ్యి పడేది. మీ బండి దగ్గు ఆ గొయ్యే. మెకానిక్కులు మిస్సింగ్ అంటారు. నేను పోటు తప్పడం అంటాను.

మీ బండిది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, అంటే నాలుగు రోకళ్ళు. నిలబడ్డం 1, 2, 3, 4 అని వరసగానే గానీ, పోటు వేసేది మాత్రం 1-3-4-2 అని. బండి ఆగి, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు నిమిషానికి 800 చుట్లనుకోండి. రెండు చుట్లకి ఒక్కో సిలిండరు ఒకసారి మండుతుంది. ఒక్కోటీ 400 చొప్పున నాలుగూ కలిపి నిమిషానికి 1,600 పోట్లు, సెకనుకి 27 దాకా. అందులో ఒకటి తప్పితే చెవికి అందకపోవచ్చు, కూర్చున్న సీటుకి మాత్రం తెలుస్తుంది.

పోటు సరిగా పడాలంటే మూడు కుదరాలి. రోట్లో బియ్యం ఉండాలి, అది పెట్రోలూ గాలీ. రోకలి దెబ్బ గట్టిగా పడాలి, అది ప్లగ్గు దగ్గర పుట్టే నిప్పురవ్వ. రోలు పగిలి ఉండకూడదు, అంటే సిలిండర్లో పైకీ కిందికీ ఆడే పిస్టన్ నొక్కిన గాలి, తలుపుల్లాంటి వాల్వుల సందుల్లోంచీ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచీ కారిపోకూడదు. నిజానికి రోట్లో బలం దంచేవాళ్ళది, ఇంజన్లో బలం పెట్రోలుది. పోలిక ఇక్కడ కుంటుతోంది. ఫరవాలేదు, కుంటుకుంటూనే రానీండి.

ఇప్పుడు లల్లీ ప్రశ్న. ప్లగ్గు కొసన రెండు లోహపు ముక్కల మధ్య మిల్లీమీటరు అటూ ఇటూగా సందు ఉంటుంది. నిప్పురవ్వ ఆ సందు దాటి దూకాలి. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. దాన్ని ప్లగ్గు మీద కూర్చున్న కాయిల్ ఇరవై, ముప్ఫై వేల వోల్టులకి పెంచి పంపుతుంది. చదును రోడ్డు మీద సిలిండర్లోకి తక్కువ గాలి వెళ్తుంది, రవ్వ సులువుగా దూకేస్తుంది. లోడుతో కొండెక్కేటప్పుడు మీ నాన్న ఎక్సలేటర్ నొక్కుతాడు, గాలి దండిగా లోపలికి వెళ్ళి చిక్కగా నలుగుతుంది. ఆ చిక్కటి గాలిలోంచి దూకడానికి ఎక్కువ వోల్టులు కావాలి. సరిగ్గా అప్పుడే, కాయిల్‌కి ఎక్కడో వెంట్రుకవాసి పగులో, దాని కింది రబ్బరు బూటుకి చిరుగో ఉంటే, కరెంటు ప్లగ్గు సందు మానేసి ఆ పగుల్లోంచి పక్కనున్న ఇనుముకి దూకేస్తుంది. దగ్గర దారి ఉంటే కష్టమైన దారిన ఎవరు పోతారు? ఆ పోటు తప్పుతుంది. మెకానిక్ బాబాయి షెడ్డులో బండి ఆపి బానెట్ ఎత్తి వింటే వినబడేది చదును రోడ్డు చప్పుడే. అందుకే ఆయనకి ఏమీ దొరకలేదు, అందులో ఆయన తప్పేమీ లేదు. జబ్బు ఎప్పుడూ ఉంది తల్లీ, బరువు మీద పడ్డప్పుడే బయటపడుతోంది.

కనుక సామాను కొనడం ఆపమని నాన్నకి చెప్పండి. ఊహించి కొన్న ప్రతి సామానూ డబ్బు పోగొట్టడమే కాదు, కొత్త అనుమానం కూడా తెస్తుంది. ముందు కావలసింది నోటుబుక్కు. బండెక్కినప్పుడల్లా మీలో ఒకరు ముందు సీట్లో కూర్చుని, దగ్గు వచ్చినప్పుడు రాయండి: ఇంజను చల్లగా ఉందా వేడెక్కిందా, ఏ గేరు, ఎక్కుడా దిగుడా, లోడుందా, వాన పడిందా, ట్యాంకులో పెట్రోలు ఎంత, గతుకు తగిలినప్పుడా మలుపు తిరిగినప్పుడా. పది దగ్గులు రాసేసరికి సగం పని అయిపోతుంది.

ఎందుకంటే ఒక్కో జబ్బుకీ ఒక్కో వేళ ఉంటుంది. ఎక్కుడులో, లోడులో మాత్రమే అయితే కాయిల్, ప్లగ్గు, లేదా పెట్రోలు ప్రెషర్ చాలకపోవడం. ఆగి ఉన్నప్పుడు వణికి, ఎక్సలేటర్ నొక్కగానే సర్దుకుంటే ఎక్కడో గొట్టం చీలి దొంగగాలి లోపలికి వెళ్తోంది, లేదా ఒక వాల్వు కారుతోంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే వచ్చి పది నిమిషాల్లో పోతే ప్లగ్గు గుంటల్లో ఇంజనాయిలో నీళ్ళో చేరాయేమో చూడాలి. బాగా వేడెక్కాకే మొదలైతే, లోపలి తీగ వేడికి విడిపోయే కాయిల్ కావచ్చు. గతుకులకైతే వైరు. ట్యాంకు అడుగంటినప్పుడైతే పంపు.

నోటుబుక్కు అయ్యాక స్కానర్. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్లో గుచ్చితే బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న నంబర్లు చెబుతుంది. పి0302 అంటే రెండో సిలిండరు పోటు తప్పుతోందని, పి0304 అంటే నాలుగోదని. పి0300 అని వస్తే ఒకచోట కాదు, అక్కడా ఇక్కడా అని. అలా వస్తే ఒక్క కాయిల్‌ని పట్టుకుని కూర్చోకుండా నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నవి చూడాలి: పెట్రోలు, గాలి, ఎర్తు.

కంప్యూటర్‌కి ఎలా తెలిసిందంటారా? ఇది చెప్పకుండా ఉండలేను. ఇంజన్లో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్‌కి ఒక పళ్ళచక్రం ఉంటుంది. చాలా ఇంజన్లలో 60 పళ్ళకి చోటు, అందులో రెండు కావాలనే తీసేసి 58. ఎదురుగా ఉన్న సెన్సార్ ఒక్కో పన్ను దాటడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తుంది. 800 చుట్ల మీద పన్నుకి పన్నుకి మధ్య ఒకటింపావు మిల్లీసెకను. పోటు తప్పితే చక్రం రవ్వంత వెనకబడుతుంది, ఆ వెనకబాటు ఎవరి వంతులో వచ్చిందో చూసి పేరు రాసుకుంటుంది. వీధి చివర్నుంచి రోకళ్ళు లెక్కపెట్టిన పిల్లల కంటే చురుకైన చెవి.

ఇంకో మాట. డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ దీపం నిలకడగా వెలిగితే తీరిగ్గా చూపించుకోవచ్చు. మిణుకు మిణుకుమంటే మాత్రం నాన్నని ఎక్సలేటర్ తగ్గించి, వీలైన చోట ఆపమనండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని కాల్చేస్తుంది. దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు ఎందుకూ కొరగాదు.

ఇక నాన్న చెయ్యాల్సిన పని. మీరు చూడండి, ముట్టుకోవద్దు. స్కానర్ పి0302 అందనుకుందాం. ఇంజను చల్లారాక, బండి తాళంచెవి బయటికి తీసేసి, కాయిళ్ళ మీద మార్కర్‌తో 1 నుంచి 4 దాకా నంబర్లు వెయ్యాలి. రెండో కాయిల్ కనెక్టర్ లాకు నొక్కి ఊడదీసి, బోల్టు విప్పి (ఎక్కువగా 10 నంబరు పానా పడుతుంది), కాయిల్‌ని కాస్త అటూ ఇటూ తిప్పి తిన్నగా పైకి లాగాలి. అలాగే మూడోది. రెండోది మూడో చోట, మూడోది రెండో చోట పెట్టి, స్కానర్‌లో పాత నంబర్లు చెరిపేసి, అదే లోడుతో అదే కొండ ఎక్కాలి. ఇప్పుడు పి0303 వస్తే దొంగ దొరికాడు, దగ్గు కాయిల్ వెంట నడిచింది. మళ్ళీ పి0302 అనే వస్తే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్గులు అటూ ఇటూ మార్చి మళ్ళీ ఎక్కాలి. అదీ కాకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు. ఒక్కసారికి ఒక్కటే. చందూ, నువ్వు తొందరగాడివి, "రెండూ కలిపి మార్చేద్దాం నాన్నా" అంటావు. అలా మారిస్తే దగ్గు దేని వెంట నడిచిందో ఎవరికీ తెలీదు.

పాత ప్లగ్గులు పారేశారా? ఉంటే తీసి చూడండి, సాక్ష్యం వాటి మీదే ఉంటుంది. కొస లేత కాఫీరంగులో ఉంటే ఆ సిలిండరు బాగా మండుతోంది. మసిలా నల్లగా పొడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే రవ్వ పుట్టలేదు. మరీ తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది. తర్వాత తెల్లటి పింగాణీ భాగాన్ని ఎండలో తిప్పి చూడండి. పైనుంచి కిందికి పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్లగీత కనబడితే, కరెంటు ఆ దారిన జారిపోతోందన్నమాట. ఆ గీతకి జోడీ రబ్బరు బూటు లోపల కూడా ఉంటుంది. ప్లగ్గు మార్చి బూటు మార్చకపోతే పాత గీత కొత్త ప్లగ్గు మీద మళ్ళీ పడుతుంది. మీ ఇంట్లో జరిగింది ఇదేనని నా అనుమానం. అయినా నా అనుమానం మీద కాయిల్ కొనొద్దు, కొండెక్కి తేల్చుకోండి.

కొత్త ప్లగ్గుల్ని కూడా గుడ్డిగా నమ్మకండి. చేజారి కింద పడితే పైకి కనబడకుండానే పింగాణీ చిట్లుతుంది. సందు ఎంతుండాలో బండి పుస్తకంలో ఉంటుంది, సందు కొలిచే రేకు, అదే ఫీలర్ గేజ్, పెట్టి చూడాలి. బిగించేటప్పుడు వేళ్ళతోనే తిప్పుతూ ఆనేదాకా తీసుకెళ్ళి, వాషరున్న కొత్త ప్లగ్గయితే అక్కణ్ణుంచి పానాతో అరచుట్టు. మొదట్నుంచీ పానా వేస్తే ప్లగ్గు కూర్చునే అల్యూమినియం హెడ్డు మర తినేస్తుంది, అప్పుడు మిస్సింగే నయమనిపిస్తుంది.

మీ ఇల్లు పెదజాలారిపేట పక్కన, బండి రాత్రంతా సముద్రపు గాలిలో ఉంటుంది. ఉప్పుతేమకి కనెక్టర్ల లోపల పచ్చటి తుప్పు పడుతుంది. దాన్ని గరుకు కాగితంతో గీకకూడదు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరబెట్టాలి. ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే ఎర్తు వైరు కొసలు విప్పి శుభ్రం చేసి బిగించాలి. పూజకని వాటర్ సర్వీసింగ్ చేయించారా? ప్రెషర్ నీళ్ళు ప్లగ్గు గుంటల్లోకి దిగి నిలుస్తాయి. కాయిల్ లాగి, గాలి కొట్టి ఆరబెట్టాలి. గుంటలో నీళ్ళకి బదులు ఇంజనాయిలుంటే ఇంజను పైమూత, అంటే టాపెట్ కవరు, ప్యాకింగ్ పోయినట్టు. ఆయిలు తగిలిన రబ్బరు బూటు ఉబ్బి మెత్తబడుతుంది. అంబాసిడర్ల రోజుల్లో నాలుగు ప్లగ్గులకీ ఒకే కాయిల్, మధ్యలో కరెంటుని వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్. వానాకాలం పొద్దున్న కారు కదలకపోతే దాని టోపీ తీసి లోపల పొడిగుడ్డతో తుడిస్తే చాలు, లేచేది. రోగం మారలేదు, అదే తేమ.

ఇవన్నీ బాగుంటేనే రోలు పగిలిందేమో చూడాలి. ప్లగ్గులు తీసేసి, నొక్కిన గాలి ఒత్తిడి చూపే కంప్రెషన్ గేజ్ పెడితే నాలుగు సిలిండర్లూ దాదాపు సమానం చూపించాలి. ఒకటి బాగా తగ్గితే అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ చూస్తారు. ముల్లు పైకి లేస్తే రింగులు, లేవకపోతే వాల్వో, హెడ్డు కింద ఉండే ప్యాకింగ్ హెడ్ గేస్కెట్టో. అది మీ నాన్న పని కాదు, షెడ్డు పని.

చీకటి పడ్డాక ఇంకో పరీక్ష ఉంది. ఇంజను నడుస్తుండగా నాన్న ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసాతో కాయిళ్ళ చుట్టూ సన్నగా తుంపర కొడితే, చిరుగున్న చోట నీలంగా మెరవచ్చు. అన్నిసార్లూ మెరవదు. మీరు మాత్రం నాలుగడుగుల దూరంలో ఉండాలి, ముప్ఫై వేల వోల్టులతో ఆటలొద్దు.

మీరే చెయ్యగలిగింది ఒకటుంది. రేపు పొద్దున్న నాన్న బండి స్టార్ట్ చేశాక, ఆరుబయట, పక్కకి నిలబడి, పొడుగాటి కర్రకి దినపత్రిక చీలిక కట్టి సైలెన్సర్ మూతికి జానెడు ఎడంగా పట్టుకోండి. అది ఒకే తీరుగా రెపరెపలాడుతుంది. పోటు తప్పినప్పుడు ఒక్క క్షణం వాలుతుంది. మధ్యమధ్య గొట్టం లోపలికి పీల్చుకున్నట్టయితే వాల్వు మీద అనుమానం, అది వేరే రాయండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు వాలిందో, వేడెక్కాక ఎన్నిసార్లో చందూ లెక్కపెట్టాలి, లల్లీ రాయాలి. లెక్క నాకు పంపండి.

మీ తాతయ్య