కారు అమ్మారు సరే, సీ బుక్‌లో పేరు మారిందా?

హనుమకొండలో పాత కార్లు కొనిపించడం, అమ్మించడం నా పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి కారు అమ్మడం అదే మొదటిసారి. పదేళ్లు, పదిహేనేళ్లు ఒకే బండి నడిపి ఉంటారు. పిల్లల్ని బడిలో దింపింది, మేడారం జాతరకు పోయింది, బాలింతను, పసిగుడ్డును ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకుంది అన్నీ ఆ బండిలోనే. తాళాలు ఇచ్చేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్న పెద్దమనుషులను కూడా చూశాను. ఆ బాధ నాకు తెలుసు. అంత ప్రాణంగా చూసుకున్న బండి కాగితాలను మాత్రం ఎందుకు గాలికి వదిలేస్తారో అర్థం కాదు. అడిగితే అందరిదీ ఒకటే మాట: "పైసలు ముట్టినయ్, తాళాలు ఇచ్చిన. ఇంక నాకేం సంబంధం అన్నా?"

సంబంధం ఉంది. మిగతావన్నీ తర్వాత, ముందు దీని సంగతి తేల్చుకుందాం.

అపోహ: డబ్బు తీసుకుని పేరు మార్పు కాగితాలు, అంటే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇస్తే మన బాధ్యత అయిపోయినట్టే.

వాస్తవం: అయిపోదు. మోటారు వాహనాల చట్టంలో ఓనర్ అంటే ఎవరో సెక్షన్ 2(30)లో రాసి ఉంది. బండి ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే వాళ్లే ఓనర్. ఎవరు నడుపుతున్నారు, ఎవరింటి ముందు ఉంది, ఎవరు డబ్బు కట్టారు అన్నది యాక్సిడెంట్ నష్టపరిహారం దగ్గర మిమ్మల్ని కాపాడదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ ఈ మాటే తేల్చి చెప్పింది. ఆ కేసులో మొదటి ఓనర్ 2007లోనే కారు అమ్మేశాడు. కొన్నాయన ఇంకొకరికి, ఆయన మరొకరికి, ఇలా బండి చేతులు మారుతూ పోయింది. సీ బుక్‌లో, అంటే రిజిస్ట్రేషన్ కాగితంలో పేరు మాత్రం మారలేదు. 2009లో ఆ కారు కింద పడి ఒకరి ప్రాణం పోయింది. బండికి ఇన్సూరెన్స్ లేదు. రెండేళ్ల కింద అమ్మేసుకున్న మొదటి ఓనరే పరిహారం కట్టాలని కోర్టు చెప్పింది. బండి ఎన్ని చేతులు మారిందో ఆరా తీసుకుంటూ తిరగాల్సిన పని బాధితులకు లేదు, రికార్డులో పేరున్నవాళ్లే బాధ్యులు అన్నది అందులోని న్యాయం. చనిపోయినవాళ్ల ఇంటివైపు నుంచి చూస్తే అది సరైనదే అని నేనూ అంటాను.

"నేను బాండ్ పేపర్ రాయించుకున్న, నోటరీ కూడా ఉంది" అంటారు. మంచిదే, పడేయకండి. కొన్నవాడి మీద మీరు తర్వాత దావా వేయాలంటే అది సాక్ష్యంగా పనికొస్తుంది. కానీ ఆ కాగితం మీకూ కొన్నవాడికీ మధ్య ఒప్పందం మాత్రమే. రోడ్డు మీద దెబ్బ తిన్న మనిషి దాని మీద సంతకం పెట్టలేదు కదా.

పరకాల వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ సారు మా దగ్గరికి వచ్చారు. తన మారుతి 800ను తెలిసినాయనకే అమ్మారు. తెలిసిన మనిషి కదా అని ఫారాల మీద సంతకాలు పెట్టి, పేరు రాయకుండానే ఇచ్చేశారు. కొన్నాళ్లకు కరీంనగర్ నుంచి, తర్వాత మంచిర్యాల నుంచి చలానాలు సారు ఫోన్‌కు రావడం మొదలైంది. చిన్న మొత్తాలే అని ఆయనే కట్టుకుంటూ పోయారు. ఒకరోజు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, మీ బండి ఒక బైకును గుద్దింది, నడిపింది ఎవరని. రిజిస్టర్డ్ ఓనర్ ఆ వివరాలు చెప్పి తీరాలి, అది సెక్షన్ 133. ఆయనకేమో బండి ఎవరి దగ్గర ఉందో కూడా తెలియదు. ఇన్సూరెన్స్ ఎప్పుడో ల్యాప్స్ అయింది. "నేను ఎన్నడో అమ్మేసిన బిడ్డా, నన్నెందుకు పిలుస్తున్నరు?" అని నన్ను అడిగారు. ఆ వయసులో వాయిదాలకు తిరుగుతున్నారు. నేను ఆయనకు వకీలును చూపించడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

అందుకే చెప్తున్నాను. ట్రాన్స్‌ఫర్ బాధ్యత కొన్నవాడి ఒక్కడిదే కాదు. సెక్షన్ 50 ప్రకారం అమ్మినవాళ్లు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లోపు, వేరే రాష్ట్రంవాళ్లకు అమ్మితే 45 రోజుల్లోపు ఆర్టీఏకు తెలియజేయాలి. కొన్నవాళ్లకు 30 రోజుల గడువు. ఫారం 29 అంటే అదే, అమ్మినవాళ్లు ఇచ్చే సమాచారం. దాన్ని కొన్నవాడి చేతిలో పెట్టి మరిచిపోవడానికి కాదు. కొనేవాడి పేరు, అడ్రస్ రాయకుండా ఖాళీ ఫారం మీద సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టవద్దు. అన్న కొడుకు అడిగినా, మా వ్యాపారంవాళ్లు అడిగినా సరే. ఖాళీ ఫారం ఉంటే ట్రాన్స్‌ఫర్ ఖర్చు లేకుండా బండిని ఎన్ని చేతులైనా తిప్పొచ్చు, మా లైన్‌లో కొందరికి అదే కావాలి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైమ్ కూడా రాయించండి. డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోండి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక వాపస్ ఇస్తామని కొనేవాళ్ల దగ్గర కొంత డిపాజిట్ పెట్టించుకోండి. అది వాపస్ కావాలని వాళ్లే ఆర్టీఏలో స్లాట్ బుక్ చేసుకుని మిమ్మల్ని పిలుస్తారు.

డీలర్‌కు ఇస్తే భయం లేదంటారు. 2023 ఏప్రిల్ నుంచి దీనికొక రూల్ వచ్చింది. రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ ఉన్న డీలర్‌కు బండి అప్పగించి, ఆ సంగతి ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అక్కడి నుంచి బాధ్యత డీలర్‌ది. మీ డీలర్‌ను ఆ ఆథరైజేషన్ చూపించమని అడగండి. లేకపోతే ఆయన కూడా కొనేవాళ్లలో ఒకడు, అంతే.

రెండో పెద్ద అపోహ: చనిపోయిన నాన్న కారును ఆయన సంతకంతోనే అమ్ముకోవచ్చు. ఇది రాస్తుంటే నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే ఇలా వచ్చేవాళ్లు దొంగలు కాదు. దుఃఖంలో ఉన్న కొడుకులు, కూతుళ్లు. "బాపు సంతకం నేను మంచిగ పెడ్త అన్నా, ఎవరికి తెలుస్తది?" అని ఒక పిల్లగాడు అమాయకంగా అడిగాడు. అది ఫోర్జరీ. రేపు అన్నదమ్ముల మధ్య మాట తేడా వస్తే ముందు బయటపడేది ఆ సంతకమే. ఓనర్ చనిపోతే 30 రోజుల్లోపు ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. గడువు దాటిందని భయపడి దాచుకోకండి, డెత్ సర్టిఫికెట్, వారసుల కాగితాలు పట్టుకుని వెళ్లి అడగండి. ముందు మీ పేరు మీదికి రానివ్వండి, తర్వాత అమ్ముకోండి. ఆయన బండిని అమ్మబుద్ధి కాక ఇంటి ముందే పెట్టుకున్నా, ఆ పేరు మారాల్సిందే.

ఇక మిగతావి త్వరగా చెప్పేస్తాను.

పదిహేనేళ్లు దాటితే కారు తుక్కుకే అన్నది ఢిల్లీ వార్తలు చూసి పుట్టిన భయం. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక బండి ఫిట్‌గా ఉంటే ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఈ భయంతో మంచి బండ్లను అడ్డికి పావుశేరు అమ్ముకుంటున్నారు, నాకు ఒళ్లు మండుతుంది. "లైఫ్ ట్యాక్స్ కట్టినం కదా, మళ్లీ రెన్యువల్ ఏంది?" అంటారు. ఆ ట్యాక్స్ వేరు, రిజిస్ట్రేషన్ గడువు వేరు.

ఏపీ 36 నంబర్ ఉన్న బండిని టీజీకి మార్పిస్తేనే అమ్ముడుపోతుందని ఎవరో పుట్టించారు. టీజీ అనేది 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యే బండ్లకు. పాత నంబర్ పాత నంబరే.

నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటే పోతుందనుకుంటారు. అది బండిది కాదు, మీది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా వస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం) మీద 50 శాతం తగ్గింపు. కారు అమ్మాక ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి లెటర్ తీసుకోండి, మూడేళ్లలోపు కొనే కారుకు వాడుకోవచ్చు.

లోన్ తీరితే హెచ్‌పీ, అంటే సీ బుక్‌లో ఉండే బ్యాంకు అప్పు ఎంట్రీ, దానంతట అదే పోదు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి క్యాన్సిల్ చేయించుకోవాలి.

ఫాస్టాగ్ స్టిక్కర్ పీకేస్తే చాలదు, అకౌంట్ క్లోజ్ చేయించాలి. లేకపోతే కొన్నాయన హైదరాబాద్ పోయినప్పుడల్లా కోమళ్ల, గూడూరు టోల్ డబ్బులు మీకే కోతపడొచ్చు.

పాత ఇనుప సామాన్ల దుకాణానికి ఇస్తే బండి కథ ముగిసిందనుకోవద్దు. నంబర్, చాసిస్ నంబర్ రికార్డులో బతికే ఉంటాయి, దొంగ బండికి తగిలించే ప్రమాదం ఉంది. గవర్నమెంట్ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌కే ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి.

శుక్రవారం బండి ఇస్తే ఇంటి లక్ష్మి పోతుందని అమ్మేవాళ్లు, శనివారం ఇనుము తేకూడదని కొనేవాళ్లు అంటారు. దీని మీద నేను ఎవరితోనూ వాదించను. ఇద్దరికీ కుదిరే రోజే పెట్టుకుందాం, ట్రాన్స్‌ఫర్ స్లాట్ మాత్రం ముందే బుక్ అయి ఉండాలి.

ఇప్పటికే ఎప్పుడో అమ్మేసినవాళ్లు ఇది చదువుతూ టెన్షన్ పడుతుంటారు. ఈరోజే చలానా వెబ్‌సైట్‌లో మీ పాత నంబర్ కొట్టండి, ఆర్టీఏలో ఇప్పుడు ఎవరి పేరుందో కనుక్కోండి. మీ పేరే ఉంటే కొన్నాయనకు ఫోన్ చేయండి, మంచిమాటతో అడిగితే చాలామంది వస్తారు. దొరకకపోతే, అమ్మిన తేదీ, కాగితాల కాపీలు జతచేసి ఆర్టీఏకు రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, పోలీస్ స్టేషన్‌లోనూ ఒక కాపీ ఇవ్వండి. దీంతో పేరు మారిపోదు, కానీ మీరు ఊరుకోలేదని రికార్డు ఉంటుంది. ఇన్సూరెన్స్ నడుస్తోందో లేదో కూడా అప్పుడే చూడండి.