ఇంట్లో లేత్‌కి త్రీఫేజ్ కరెంటు: అపోహలు - వాస్తవాలు

రిటైరైన పెద్దవాళ్లు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఈమధ్య పాత లేత్‌లు (ఇనుప ముక్కను తిప్పుతూ కోసే మిషన్లు), మిల్లింగ్ మిషన్లు కొని ఇంటి పార్కింగ్‌లో పెట్టుకుంటున్నారు. హైదరాబాద్ బాలానగర్‌లో సెకండ్‌హ్యాండ్ మిషన్ బేరమాడేటప్పుడు బెడ్డు అరిగిందా, చక్కు (కోసే ముక్కను పట్టి తిప్పేది) ఊగుతోందా అన్నీ చూస్తారు, మోటార్ సంగతి మాత్రం అడగరు. మిషన్ ఇంటికొచ్చాక "అన్నా, ఇది మూడు ఫేజులదట, మా ఇంట్లో సింగిల్ ఫేజే" అని ఫోన్ చేస్తారు. మోటార్ రివైండింగ్, ప్యానెల్ వైరింగ్ నా పని. ఆ ఫోన్లలో తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: త్రీఫేజ్ మోటార్ ఉంటే ఇంటికి త్రీఫేజ్ సర్వీసు తప్పదు

2 హెచ్‌పీ దాకా అక్కర్లేదు. సింగిల్ ఫేజ్ 230 వోల్టులు తీసుకుని మూడు ఫేజుల 230 ఇచ్చే వీఎఫ్‌డీ (మోటార్‌కిచ్చే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ మార్చే డ్రైవ్) చాలు. కాకపోతే అది ఇచ్చేది 230, మన మోటార్ల మీద రాసుండేది 415. అందుకే డ్రైవ్ కొనకముందే మోటార్ టెర్మినల్ బాక్స్ మూత తీసి చూడమంటాను.

ఇక్కడ తయారైన మోటార్లలో 2 హెచ్‌పీ వరకు ఎక్కువగా స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిల్స్ చివరలు ఒకే ముడిలో కలిసేది), 3 హెచ్‌పీ నుంచి ఎక్కువగా డెల్టా (ఒకదాని చివర ఇంకోదాని మొదలుకు గొలుసులా కలిసేది). స్టార్‌లో ఒక్కో ఫేజు కాయిల్స్ మీద పడేది 415ని 1.732తో భాగిస్తే వచ్చే 240 వోల్టులే. ఆ మోటార్‌నే డెల్టాలోకి మారిస్తే 230 డ్రైవ్‌కి అతికినట్టు సరిపోతుంది, హెచ్‌పీ పోదు. బాక్స్‌లో ఆరు కొసలుంటే కష్టమేం లేదు: పై వరసను కలిపిన అడ్డపట్టీలు విప్పి, పైదానికీ కిందదానికీ నిలువుగా బిగించడమే.

మూడు కొసలే కనిపిస్తే స్టార్ ముడి లోపలుంది. ఎండ్ కవర్ విప్పి, లీడ్లు బయటికొచ్చే వైపు వైండింగ్ తల మీద వెతకండి. మూడు వైర్లు మెలేసి, సోల్డర్ చేసి, స్లీవ్ తొడిగి, దారంతో కట్టి పైన వార్నిష్ పోసుంటుంది. దారం బ్లేడుతో కోసి, వార్నిష్‌ని కాస్త వేడితో మెత్తబరిచి, మూడింటినీ విడదీసి ఒక్కోదానికి కొత్త లీడు అతకాలి. గబగబా లాగితే వార్నిష్‌తో పాటు వైరు మీది ఎనామిల్ కూడా లేచొస్తుంది. ఆపైన మల్టీమీటర్‌తో ఏ రెండు కొసలు ఒక ఫేజువో గుర్తులు కట్టుకుని, ఒకటో ఫేజు చివర రెండోదాని మొదలుకు, రెండోదాని చివర మూడోదాని మొదలుకు, మూడోదాని చివర ఒకటోదాని మొదలుకు కలపాలి. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టకుండా కవర్ మూయొద్దు. నేమ్‌ప్లేట్ మీద 3.4 ఆంప్స్ ఉంటే డెల్టాలో అది 5.9 అవుతుంది. డ్రైవ్ సెట్టింగ్‌లో మోటార్ ఆంప్స్‌గా వేయాల్సిందీ అదే.

మోటార్ ముందే 415 డెల్టా అయితే ఈ దారి మూసుకుపోయినట్టే. 230 డ్రైవ్ మీద తిరుగుతుంది కానీ 50 హెర్ట్జ్ దగ్గర టార్క్ (తిప్పే బలం) మూడో వంతుకి పడిపోతుంది. డ్రైవ్‌లో బేస్ ఫ్రీక్వెన్సీ (పూర్తి వోల్టేజీ ఇచ్చే ఫ్రీక్వెన్సీ) 28 హెర్ట్జ్ అని పెట్టుకుంటే అక్కడిదాకా పూర్తి టార్క్ వస్తుంది. సగానికి కొంచెం పైన హెచ్‌పీతో సర్దుకుని, పుల్లీ మార్చుకోవాలి. అది నచ్చకపోతే 230కి రివైండ్ చేయించండి.

5 హెచ్‌పీ మోటార్ తెచ్చి ఇంటి సింగిల్ ఫేజ్ మీద నడపాలంటే నేను ఒప్పుకోను. 2 హెచ్‌పీ డ్రైవే పూర్తి లోడులో 14 ఆంప్స్ దాకా లాగుతుంది. దానికైనా బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు వేయించమంటాను, ప్లగ్గు మీద వదలను.

అపోహ: 230ని 415 చేసే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే త్రీఫేజ్ వచ్చేస్తుంది

రాదు. వోల్టేజీ పెరుగుతుంది, ఫేజు మాత్రం ఒక్కటే.

అపోహ: కండెన్సర్ పెడితే చాలు, పొలాల్లో నడవట్లేదా?

ఈ మాట ఊళ్ల నుంచి వచ్చిందే. త్రీఫేజ్ కొన్ని గంటలిచ్చి, మిగతా వేళల్లో సింగిల్ ఫేజ్ వదిలే రోజుల్లో రైతులు కండెన్సర్ తగిలించి బోరు మోటార్లు నడిపేవారు. అలా కాలిన మోటార్లతో రివైండింగ్ షాపులు నిండిపోయేవి కూడా. ఉచిత కరెంటుకి కెపాసిటర్ (ఇదీ కండెన్సరే) పెట్టుకోవాలని కరెంటోళ్లు చెప్పింది వేరు. అది పవర్ ఫ్యాక్టర్ కోసం, మూడో ఫేజు పుట్టించడానికి కాదు.

కండెన్సర్‌తో మోటార్ తిరుగుతుందన్నది నిజమే. 230 డెల్టాలో కిలోవాట్‌కు 70 మైక్రోఫారడ్లు అన్నది పాత లెక్క. మోటార్ సుమారు 70 శాతం పవరిస్తుంది, స్టార్టింగ్ టార్క్ మాత్రం బాగా బలహీనం. పంపుకి అది సరిపోతుంది, ఎందుకంటే స్పీడు అందుకునే దాకా దాని మీద లోడు తక్కువ. లేత్ అలా కాదు. బరువైన చక్కు మొదటి క్షణం నుంచే కదలాలి, టూలు దిగగానే లోడు పెరగాలి, ఎత్తగానే తగ్గాలి. ఆ కండెన్సర్ విలువ ఒక్క లోడు దగ్గరే సరిపోతుంది, మిగతా చోట్ల మూడు ఫేజుల కరెంట్లు సమానంగా ఉండవు, కాయిల్స్ వేడెక్కుతాయి. డ్రిల్లింగ్ మిషన్‌కో బెంచ్ గ్రైండర్‌కో అయితే పెట్టుకోండి, నేనేమీ అనను.

అపోహ: డ్రైవ్‌ని మిషన్ మెయిన్ స్విచ్ ముందు పెట్టి మొత్తం దాని మీదే నడపొచ్చు

డ్రైవులు కాలేది ఎక్కువగా ఇక్కడే. లేత్ ప్యానెల్లో కాంటాక్టర్లు (కాయిల్‌తో పనిచేసే స్విచ్‌లు), వాటి కాయిల్స్‌కి రెండు ఫేజుల నుంచి 415 తీసుకునే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్, పక్కన చిన్న కూలెంట్ పంపు ఉంటాయి. వాటి మీదుగా కాకుండా డ్రైవ్ అవుట్‌పుట్ నేరుగా మోటార్‌కే వెళ్లాలి. మధ్యలో స్టార్టర్, ఫార్వర్డ్-రివర్స్ స్విచ్ ఏదీ ఉండకూడదు. మోటార్ తిరుగుతుండగా మధ్యలో స్విచ్ తెరిస్తే డ్రైవ్‌లోని ట్రాన్సిస్టర్లు పోతాయి. మిషన్ మీది పాత లివర్ స్విచ్‌నే డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్లకు కలపండి, చేతికి అలవాటైన లివర్ అలాగే పనిచేస్తుంది. కూలెంట్‌కి వేరే సింగిల్ ఫేజ్ పంపు తెచ్చుకోవడం తేలిక.

చక్కు మరతో ఎక్కించే స్పిండిల్ ఉన్న లేత్ అయితే డ్రైవ్‌లో బ్రేకింగ్, రివర్స్ చాలా మెల్లగా పెట్టుకోవాలి. గట్టిగా ఆపితే చక్కు ఊడి బెడ్డు మీద పడుతుంది. ఇంకోటి, పోత ఇనుము కోసినప్పుడు లేచే రజను డ్రైవ్ ఫ్యాన్‌లోంచి లోపలికెళ్లి బోర్డుని షార్ట్ చేస్తుంది. దాన్ని గాలాడే మూత పెట్టెలో, మిషన్‌కి దూరంగా గోడకి బిగించండి.

అపోహ: డ్రైవ్ ఉంటే గేర్లు, బెల్టులు మార్చక్కర్లేదు

స్పీడు తగ్గిస్తే టార్క్ ఉంటుంది, హెచ్‌పీ స్పీడుతో పాటే పడిపోతుంది. బ్యాక్ గేర్ స్పీడు తగ్గిస్తూ టార్క్ పెంచుతుంది, డ్రైవ్ ఆ పని చేయలేదు. పైగా మోటార్ ఫ్యాన్ షాఫ్ట్ మీదే ఉంటుంది కదా, 10 హెర్ట్జ్‌లో అది ఊరికే తిరుగుతుంది, గాలి రాదు. 25 నుంచి 60 హెర్ట్జ్ మధ్య డ్రైవ్, అంతకు కిందికైతే బెల్టు.

అపోహ: డ్రైవ్ వల్ల ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీ వస్తే కరెంటు ఆపే స్విచ్) పడిపోతుంటే ఎర్త్ తీసేయాలి

తీయొద్దు. డ్రైవ్ ఫిల్టర్ కొంత కరెంటు ఎర్త్‌లోకి వదులుతుంది. ఇల్లంతటికీ ఒకే 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ ఉంటే అందుకే పడుతుంది. వర్క్‌షాప్‌కి విడి సర్క్యూట్, డ్రైవ్‌లకు పనికొచ్చే రకం ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్త్ తెగిన లేత్ బాడీలో ఆ లీకేజీ అంతా నిలబడి ఉంటుంది, ముట్టుకునేది మీరే.

అపోహ: త్రీఫేజ్ సర్వీసు వచ్చేస్తే ఇక ఏ బాధా లేదు

పెద్ద మిషన్లున్నవాళ్లు సర్వీసు తీసుకోవాల్సిందే. కేటగిరీ మాత్రం చూసుకోండి. సొంత సరదాకి కాక, డబ్బు తీసుకుని జాబ్ వర్క్ చేస్తే ఇంటి కనెక్షన్ కుదరదు, ఇండస్ట్రీ కేటగిరీ కావాలి. దొరికితే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్ వేస్తారు.

ఇక పోలు మీద ఒక ఫ్యూజు పోతే మోటార్ రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరుగుతుంది, మిగతా ఫేజుల మీది లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అలా కాలిన మోటార్ని విప్పగానే తెలుస్తుంది: స్టార్ మోటార్‌లో రెండు ఫేజుల కాయిల్స్ నల్లబడి మూడోది కొత్తదిలా ఉంటుంది, డెల్టాలో ఒక్క ఫేజే మాడుతుంది. మూడు ఫేజులూ సమానంగా నల్లబడితే అది ఎక్కువగా ఓవర్‌లోడు, ఫేజు పోవడం కాదు. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్, మోటార్ ఆంప్స్‌కి సెట్ చేసిన ఓవర్‌లోడ్ రిలే రెండూ పెట్టించాకే సర్వీసు లోడు ఆన్ చేయండి.