ఉద్యోగం మెడికల్‌కి ముందు బరువు: అపోహలు, వాస్తవాలు

పోలీసు ఫలితాలో, కేంద్ర బలగాల ఫలితాలో వచ్చాయంటే కర్నూలులో నా క్లినిక్ బయట బెంచీ మీద మనుషులు మారిపోతారు. రోజూ బీపీ, షుగర్ చూపించుకునే పెద్దవాళ్లు కూర్చునే చోట ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు ఫైళ్లు పట్టుకుని కూర్చుంటారు. కోడుమూరు, పత్తికొండ, ఆదోని, ఇటు నంద్యాల కోచింగ్ గదులు, అన్ని వైపుల నుంచీ వస్తారు. అడిగేది మాత్రం ఒకటే. "మేడం, మెడికల్ దగ్గర పడింది. పది రోజుల్లో నాలుగైదు కిలోలు తగ్గాలి. ఏదైనా మాత్ర రాయండి."

వాళ్ల కంగారు నాకు తెలుసు. రెండు మూడేళ్లు చిన్న గదిలో నలుగురు సర్దుకుని చదివి, రాత పరీక్ష గట్టెక్కి, ఈవెంట్స్ అనే పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలు గట్టెక్కి, చివరికి తూకం దగ్గర పోతుందేమోనన్న భయం చిన్నది కాదు. రేటు లేక ఉల్లిగడ్డను పొలంలోనే వదిలేసిన ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి ఆ ఉద్యోగం ఏమిటో ఈ ఊళ్లో ఉండే నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆ పది రోజుల్లో తొందరపడి చేసే పనుల వల్ల తూకం సంగతి అలా ఉంచి, మిగతా పరీక్షలు చెడిపోతున్నాయి. బాగున్న బీపీని, బాగున్న మూత్రం రిపోర్టును చేతులారా పాడుచేసుకుని లోపలికి వెళ్తున్నారు.

అపోహ: వారంలో నాలుగు కిలోలు తగ్గానంటే నాలుగు కిలోల కొవ్వు కరిగినట్టే.

ఒక ఏప్రిల్ సాయంత్రం ఒక తల్లి కొడుకును ఆటోలో తీసుకొచ్చింది. "పొద్దున్నుంచి చేతులు కొంకర్లు పోతున్నాయమ్మా, పిక్కలు పట్టేస్తున్నాయంటాడు" అంది. అబ్బాయి అరచేతులు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. వేళ్లు విడదీయబోతే నొప్పికి పళ్లు బిగబట్టాడు. నాలుక పూర్తిగా ఎండిపోయింది. పడుకోబెట్టి చూస్తే పై బీపీ 110, లేపి నిలబెడితే 84. నాడి నిమిషానికి 124. రక్తంలో పొటాషియం 3.5కి పైన ఉండాలి, అతనికి 2.7 ఉంది. చొక్కా జేబులో రబ్బరు బ్యాండు చుట్టిన మాత్రల షీటు, సగం ఖాళీ. మూత్రం ఎక్కువగా పోయే ఫ్యూరోసెమైడ్ మాత్రలవి. గదిలో తోటి కుర్రాడు చెబితే చీటీ లేకుండానే కొనుక్కున్నాడు. ఆరు రోజులుగా అన్నం మానేశాడు, నీళ్లు గుక్కలు లెక్కపెట్టుకుని తాగాడు.

ఆ రోజు మెషీన్ మీద 74 కిలోల 200 గ్రాములున్నాడు. వారం కిందట 78 ఉన్నానని చెప్పాడు. పొటాషియం అంత పడిపోతే గుండె కొట్టుకునే తీరు ఒక్కసారిగా గతి తప్పవచ్చు. అందుకే వెంటనే చేర్పించి, ఈసీజీ చూస్తూ సెలైన్, పొటాషియం ఎక్కించాం. మర్నాటి నుంచి ఇంటి తిండి తిన్నాడు. నాలుగో రోజు తూకం వేస్తే 77 కిలోల 600. ప్రాణం మీదకు తెచ్చుకున్న ఆ వారంలో అతను నిజంగా పోగొట్టుకున్నది అరకిలో కూడా లేదు. మిగిలిందంతా నీళ్లు. వాళ్లమ్మ ఆ అంకెను రెండుసార్లు చెప్పించుకుని, ఏమీ అనకుండా కొడుకు తల నిమిరింది.

ఇందులో లెక్క తేలికే. ఒక కిలో కొవ్వు కరగాలంటే శరీరం సుమారు 7,700 క్యాలరీలు ఖర్చు పెట్టాలి. 75 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరుగెత్తితే ఖర్చయ్యేది కొంచెం అటూ ఇటూగా 375. అంటే తిండి మామూలుగా ఉంటే అలాంటి పరుగులు ఇరవైకి ఒక కిలో. మరి అన్నం మానేయగానే మొదటి రెండు మూడు రోజుల్లో బరువు గబగబా ఎందుకు దిగుతుంది? కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం అరకిలో దాకా నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లుంటాయి. పస్తులుంటే ఆ నిల్వ ఖర్చయి నీళ్లు బయటికి పోతాయి, మళ్లీ తిన్న రెండు రోజుల్లో తిరిగొస్తాయి. ఇంకా ఈవెంట్స్ కాని పిల్లలు ఒకటి గుర్తుంచుకోండి. పరుగులో కాళ్లు వాడుకునేది ఆ నిల్వనే. దాన్ని ఖాళీ చేసుకుని పరుగుకు వెళ్తే చివరి రౌండులో కాళ్లు రావు.

అపోహ: ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని పరుగెత్తితే పొట్ట కరుగుతుంది.

చెమటలో కొవ్వుండదు. నీళ్లు, ఉప్పు ఉంటాయి. మన దగ్గర ఏప్రిల్ వచ్చిందంటే ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. కవర్ చుట్టుకుంటే చెమట కారుతుంది గానీ ఆరదు, లోపల వేడి పెరుగుతూ పోతుంది. పరుగెత్తేవాడి మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియనట్టు చూసినా అది వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చి, కవర్ చించేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి. పరుగు తెల్లవారుజామునే పెట్టుకోండి, పలచటి కాటన్ బనియనుతో.

అపోహ: మాత్ర ఏదో ఉంటుంది, డాక్టర్లు చెప్పరు.

మాత్రలు ఉన్నాయి, కానీ అవి ఈ పనికి పుట్టినవి కావు. మూత్రం మాత్ర గుండె, కిడ్నీ, లివర్ జబ్బులతో ఒంట్లో నీరు చేరినవాళ్లకు ఇచ్చేది. విరేచనాల మాత్రలతో పోయేదీ నీళ్లూ లవణాలే. కొందరు ఇంట్లో అమ్మ వేసుకునే థైరాయిడ్ మాత్రలు తెచ్చి వేసుకుంటున్నారు. ఇది వింటే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దాని ఫలితం సరిగ్గా మెడికల్ బల్ల మీదే బయటపడుతుంది. నాడి వంద దాటుతుంది, చేతులు సన్నగా వణుకుతాయి, గుండె దడ. అవతలి డాక్టరు దాన్ని జబ్బు అనుకుంటాడు. అనుకోవడంలో తప్పేం లేదు.

ఈమధ్య అందరి నోటా ఇంజెక్షన్ల మాట. సెమాగ్లూటైడ్ లాంటివి స్థూలకాయానికి నిజంగా పనికొచ్చే మందులే. అయితే వాటిని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు ఒకసారి పెంచుకుంటూ నెలల తరబడి వాడాలి. వికారం, వాంతులు ఎక్కువగా వచ్చేది మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడే. పది రోజుల ముందు మొదలుపెడితే మీకు దక్కేది ఆ వాంతులే. ఇక పేరూ ఊరూ లేని "మూలికల పొడి" గురించి ఒక్క మాట. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఉందని 2011లో మన దేశం నిషేధించిన సిబుట్రమైన్ అనే మందు, సన్నబడే మూలికలని చెప్పి అమ్మే సరుకులో కలిసి ఉన్నట్టు పలు దేశాల పరీక్షల్లో బయటపడింది. డబ్బా మీద ఆకుల బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల ఆకులే ఉంటాయని లేదు.

అపోహ: అన్నం మానేసి జొన్నరొట్టె ఎన్నైనా తినొచ్చు.

బియ్యంలో, జొన్నపిండిలో క్యాలరీలు దాదాపు ఒకటే. వంద గ్రాములకు ఇంచుమించు 330 నుంచి 350. రొట్టె మేలు ఎక్కడంటే, నమలడానికి సమయం పడుతుంది, పీచు ఉంటుంది, రెండు తినేసరికి కడుపు నిండినట్టుంటుంది. ఆ లాభం రెండు రొట్టెల దగ్గర ఆగితేనే. ఐదు రొట్టెలు, పక్కన గరిటెడు పల్లీల చట్నీ అయితే అన్నం కంటే ఎక్కువే లోపలికి పోతుంది. పల్లీలు మంచివే, కానీ పిడికెడులో 170 క్యాలరీల దాకా ఉంటాయి. ఉలవలు కొవ్వును కరిగిస్తాయని మన వైపు గట్టి నమ్మకం. ఉలవల్లో మాంసకృత్తులు, పీచు బాగున్నాయి, ఆకలి ఆగుతుంది, తినండి. ఉన్న కొవ్వును అవి కరిగించవు. నిమ్మకాయ, తేనె నీళ్లూ అంతే, తేనె చక్కెర లాంటిదే.

అపోహ: తూకం సరిపోతే మెడికల్ పాసైనట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే.

పస్తులు, దాహం, ముందురోజు విపరీతమైన వ్యాయామం, ఈ మూడూ కలిస్తే రిపోర్టుల్లో ఏం కనిపిస్తుందో చూడండి. మూత్రం చిక్కబడుతుంది, పస్తులుంటే ఒంట్లో పుట్టే కీటోన్లు అందులో కనిపిస్తాయి. బాగా పరుగెత్తిన తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు, కొన్నిసార్లు రక్తకణాలు కూడా పోతాయి. అది కిడ్నీ జబ్బు కాదు, కానీ చీటీ మీద కిడ్నీ జబ్బులాగే కనిపిస్తుంది. బరువులు ఎత్తి కండరాలను అలసట పెడితే లివర్ పరీక్ష అనుకునే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ వారం దాకా పెరిగి ఉండవచ్చు. నిద్ర లేకపోవడం, టెన్షన్, వరసగా కాఫీలు, ఎనర్జీ డ్రింకులు బీపీని 140/90 దాటించగలవు. ఏ జబ్బూ లేని పిల్లవాడు జబ్బు మనిషిలా కనిపిస్తాడు.

కాబట్టి మెడికల్‌కి రెండు రోజుల ముందు నుంచి కఠినమైన వ్యాయామం ఆపేయండి. నడక చాలు. నీళ్లు మామూలుగా తాగండి. రాత్రి త్వరగా పడుకోండి. బీపీ చూసే అరగంట ముందు కాఫీ, టీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చున్నాకే చూపించుకోండి. పొద్దున ఏమీ తినకుండా రమ్మన్నారో లేదో ముందే అడగండి. ఆడపిల్లలు నెలసరిలో ఉంటే మూత్రం ఇచ్చేముందే ఆ మాట చెప్పండి. సిగ్గుపడి ఊరుకుంటే మూత్రంలో రక్తం అని రాసేస్తారు, తర్వాత తిరగాల్సింది మీరు.

అపోహ: ఏ ఉద్యోగానికైనా సన్నగా ఉంటే చాలు.

ముందు మీ నోటిఫికేషన్ తీసి చదవండి. సగం మంది చదవకుండానే నా దగ్గరికి వస్తున్నారు. 2022 చివర్లో మన రాష్ట్రంలో వచ్చిన కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు బరువు గురించి ఉన్నది గరిష్ఠం కాదు, కనిష్ఠం. 40 కిలోలకు తగ్గకూడదు. మగపిల్లలకు గాలి నిండా పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెంటీమీటర్లు, వ్యాకోచం 5 సెంటీమీటర్లు. పస్తులుండి కండ పోగొట్టుకున్న పిల్లవాడు ఈ ఛాతీ కొలత దగ్గర పోవచ్చు. పొట్ట తగ్గించబోయి ఛాతీ తగ్గించుకోవడమన్నమాట. కేంద్ర బలగాల్లో బరువు ఎత్తుకూ వయసుకూ తగినట్టు ఉండాలంటారు. రైల్వేలో లోకోపైలట్ ఉద్యోగమైతే అసలు గండం కళ్ల దగ్గర, అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి, రంగులు గుర్తుపట్టాలి. గుంతకల్లు వైపు నుంచి వచ్చే పిల్లలకు ఈ మాట ముందే చెబుతుంటాను.

బరువు ఎంత ఉండాలో ఉజ్జాయింపుగా మీరే చూసుకోవచ్చు. ఎత్తును మీటర్లలో రాసి, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదానితో బరువును భాగించండి. దీన్నే బీఎంఐ అంటారు, 25 దాటితే బరువు ఎక్కువున్నట్టు. 170 సెంటీమీటర్ల మనిషికి 72 కిలోల దగ్గర ఆ అంకె 25 అవుతుంది. వ్యాయామంతో కండ పట్టినవాళ్లకు ఈ లెక్క సరిగా కుదరదు. వాళ్లు నడుము కొలవాలి. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట కొవ్వు ఎక్కువున్నట్టు.

మరి నిజంగా నాలుగు కిలోలు తగ్గాల్సినవాళ్లు ఏం చేయాలి? రాత పరీక్ష అయిన మర్నాడే మొదలుపెట్టాలి, ఫలితం కోసం ఆగకూడదు. వారానికి అరకిలో నిదానమైన వేగం, ఒక కిలో పై హద్దు. చీటీ రాయమంటే నేను రాసేది ఇదే. పొద్దున ఉగ్గాని బజ్జీ ఉద్యోగం వచ్చేదాకా మానండి. రెండు ఉడికించిన గుడ్లు, ఒక జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తినండి. మధ్యాహ్నం అన్నం ఒక్కసారి పెట్టుకున్నంతే, మారు వడ్డించుకోవద్దు. కూర, పప్పు, మజ్జిగ కడుపునిండా. టీలో చక్కెర, కూల్‌డ్రింకులు, బేకరీ పఫ్‌లు పూర్తిగా ఆపేయండి. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మందికి ఇవి ఆపడంతోనే బరువు దిగుతోంది. రాత్రి భోజనం ఎనిమిదిలోపు. రోజూ పరుగుతో పాటు వారానికి మూడు రోజులు బస్కీలు, దండాలు తీయండి, కండ నిలబడాలి కదా. తూకం వారానికి ఒక్కసారే, ఒకే మెషీన్ మీద, పొద్దున కాలకృత్యాలయ్యాక. రోజూ ఎక్కితే కిలో అటూ కిలో ఇటూ ఊగే నీళ్లను చూసి భయపడతారు.

ఆ ఏప్రిల్ అబ్బాయికి అప్పటికి మెడికల్ ఇంకా మూడు వారాలుంది. ఈ తిండే తిన్నాడు. అతని ఎత్తు 173, వెళ్లేనాటికి బరువు 75 కిలోల 800. భయపడుతూనే వెళ్లాడు. సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు, బరువు గురించి ఒక్క మాట అనలేదట. చెవిలో గులిమి గట్టిపడి కర్ణభేరి కనిపించడం లేదని అన్‌ఫిట్ రాసి, రివ్యూ మెడికల్‌కి వెళ్లమన్నారట. మర్నాడే ఈఎన్‌టీ దగ్గర చుక్కలు వేయించి తీయిస్తే పది నిమిషాల పని. రివ్యూలో ఫిట్ వచ్చింది.

అప్పటి నుంచి నా దగ్గరికి బరువు కోసం ఎవరు వచ్చినా తూకం మెషీన్ ఎక్కించేముందు చెవుల్లో లైటు వేసి చూస్తున్నాను. తర్వాత పళ్లు, ఎందుకంటే బలగాల మెడికల్‌లో ఉన్న పళ్లను లెక్కగట్టి పాయింట్లు వేస్తారు, కనీసం 14 రావాలి. గజ్జల్లో తామర, పిక్కల మీద ఉబ్బిన నరాలు, మొలలు, హైడ్రోసీల్ (బుడ్డ), రంగులు గుర్తుపడుతున్నారో లేదో చూసే అంకెల పుస్తకం. ఇవన్నీ రెండు మూడు నెలల ముందు చూపించుకుంటే చాలావరకు సరిచేయించుకునే సమయం ఉంటుంది. హైడ్రోసీల్‌కి ఆపరేషన్ అయితే గాయం పూర్తిగా మానాలి కాబట్టి దాన్ని అన్నిటికంటే ముందు చూపించుకోండి.