‘ఆర్’ ముద్ర కొలవని సంగతి

2000లో వచ్చిన ‘రోడ్ ట్రిప్’ అనే హాలీవుడ్ కామెడీలో, పొరపాటున పోస్టులో వెళ్లిపోయిన ఒక శృంగార వీడియో టేపును ప్రియురాలి చేతికి అందకముందే పట్టుకోవడానికి కాలేజీ కుర్రాళ్లు ఇథాకా నుంచి ఆస్టిన్‌కు 1,800 మైళ్లు కారులో బయలుదేరతారు. దానికి అమెరికాలో ‘ఆర్’ ముద్ర పడింది, అంటే 17 ఏళ్లు నిండనివారు పెద్దల తోడుతోనే చూడాలి. మన దేశంలో ‘ఎ’ సర్టిఫికెట్ వచ్చిన సినిమాకైతే 18 నిండనివారిని తల్లిదండ్రులు వెంట ఉన్నా హాల్లోకి రానివ్వకూడదు.

ఈ తేడాకు మూలం చరిత్రలో ఉంది. తెర మీద ఏం చూపకూడదో చెబుతూ 1934 నుంచి హాలీవుడ్‌లో గట్టిగా అమలైన హేస్ కోడ్ అనే నియమావళి 1960ల నాటికి కాగితాలకే పరిమితమైంది. పెద్దలకు అమ్మదగిన శృంగార పత్రికలనైనా పిల్లలకు అమ్మకుండా రాష్ట్రాలు ఆపవచ్చని 1968 ఏప్రిల్‌లో గిన్స్‌బర్గ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పడంతో, ఊరికో సెన్సారు బోర్డు వెలుస్తుందని భయపడిన నిర్మాణ సంస్థల సంఘం, జాక్ వాలెంటి నాయకత్వంలో, అదే ఏడాది నవంబర్ 1న సొంత రేటింగులను తెచ్చింది. అది చట్టం కాదు, పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. మన సర్టిఫికెట్‌కు మాత్రం 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం అండ ఉంది. ‘ఆర్’కు మొదట 16 ఏళ్లుగా ఉన్న వయసు 1970లో 17 అయింది, 1984లో, 13 ఏళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రులను హెచ్చరించే ‘పీజీ-13’ వచ్చింది.

ఇన్నేళ్లలోనూ బూతుమాట ఎన్నిసార్లు వినిపించింది, నగ్నత్వం ఏ సందర్భంలో కనిపించింది, హింస, మత్తుపదార్థాలు ఎంత ఉన్నాయి అన్నవే ప్రధానంగా లెక్కకు వచ్చాయి. ఒక అమ్మాయి ఏకాంతం నలుగురి ముందు బయటపడితే దాన్ని నవ్వుకు సరుకుగా వాడుకున్నారా, ఆమె బాధను ఎవరైనా పట్టించుకున్నారా అన్నది ఆ అక్షరం చెప్పదు. పదిహేనేళ్ల పిల్లవాడి విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బూతు కాదు, ఇదే. ఆ వయసులో బూతు బడిలోనే వినబడుతుంది. కానీ తోటి అమ్మాయి సిగ్గుపడితే నవ్వవచ్చన్న పాఠం తెర మీద నుంచి చాలా సులువుగా లోపలికి దిగుతుంది.

మన దగ్గర 1983లో వచ్చిన ‘యూ/ఎ’ను 2023 సవరణ 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడగొట్టింది. ఓటీటీలకు 2021 నిబంధనలే ఈ మెట్లు పెట్టాయి, 13, ఆపై వర్గాలకు పిల్లలు తెరవకుండా లాక్ తప్పనిసరి చేశాయి. కానీ ఆ వర్గీకరణ చేసేది ప్రసార సంస్థే. అక్షరం పక్కన ‘శృంగారం, మత్తుపదార్థాలు’ అని చిన్నగా కనిపించే వరుసలోనూ ఆ అమ్మాయి ప్రస్తావన ఉండదు కాబట్టి, అది తెలియాలంటే పిల్లల కంటే ముందు పెద్దలు ఆ సినిమా చూడాల్సిందే.